కోళ్ల షెడ్డుకు నీళ్లు

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. ముందటి అర్రలో పీట మీద అవ్వ, నులకమంచం మీద శ్రీజ తండ్రి జనార్ధన్, ఆయనకెదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కోళ్ల కంపెనీ సూపర్‌వైజర్ జోగారావు, వంటింట్లో సల్ల చిలుకుతున్న తల్లి సుశీల, తలుపు చాటున శ్రీజ.

షెడ్డులోకి కొత్త కోడిపిల్లలను దింపాలా వద్దా తేల్చుకోవడానికి వచ్చాడు జోగారావు. పిల్లలు, దాణా కంపెనీవి. షెడ్డు, నీళ్లు, చాకిరీ రైతువి. షామీర్‌పేట చుట్టుపక్కల ఈ పద్ధతి కొత్తగా వచ్చింది.

కిందటి ఎండాకాలం మధ్యలో బోరు ఎండిపోయింది. షెడ్డు చుట్టూ కట్టిన గోనెపట్టాలు తడపడానికి కాదు గదా, తాగడానికే నీళ్లు లేక కోళ్లు ముక్కులు తెరిచి, రెక్కలు వేలేసి, ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయాయి. గుంత తీసి సున్నం చల్లి పూడ్చినా కుక్కలు పైకి లాగాయి. తల్లితో కలిసి చచ్చిన కోళ్ల బస్తాలు మోసిన శ్రీజ, వాసన తన వెంటే బడికి వచ్చినట్టనిపించి చాన్నాళ్లు వెనక బెంచీలో కూర్చుంది.

ఈ ఏడు బోరు ఇంకా కిందికి పోయింది. మోటారు వేస్తే కాసేపు పోసి గాలి కక్కుతుంది. చుట్టూ అన్నీ షెడ్లే, అందరూ ఒకే భూమిని పీలుస్తున్నారు. మా కాలంలో బోళ్లు తోమిన నీళ్లు తాగి ఇంటి కోళ్లు బతకలేదా, ఈ షెడ్డెందుకని అవ్వ రోజూ సణిగేది. జనార్ధన్ చెవిన పెట్టలేదు. షెడ్డు ఖాళీగా ఉంటే ఊళ్లో తలెత్తుకోలేననుకునే మనిషి. నిన్ననే బామ్మర్ది తోట నుంచి పైపు వేసి నేలలోని సంపు నింపి పెట్టాడు, కంపెనీవాళ్లకు చూపించడానికి.

జోగారావు సంపులోకి తొంగి చూసి తృప్తిపడ్డాడు. మోటారు వేసి చూద్దామంటే కరెంటు లేదు. సరే, ఇగ పిల్లలను పంపించడమే అనుకుంటుండగా శ్రీజ సల్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఊరికే పలకరింపుగా అడిగాడాయన.

"ఏమ్మా, నీళ్లకేం ఇబ్బంది లేదు కదా?"

కొత్తవాళ్ల ముందు శ్రీజ తలూపడమే తప్ప మాట్లాడదు. ఇప్పుడూ తలూపితే సరిపోయేది. ఈ వారంలోనే షెడ్డు నిండా పసుపుపచ్చని పిల్లలు దిగేవి. ముందు రోహిణి కార్తె ఉంది. జనార్ధన్ నేల చూపులు చూస్తున్నాడు.

"మాకా సార్, కోళ్లకా?"

జోగారావు నవ్వబోయి ఆగాడు. "ఇద్దరికీ."

"ఇద్దరికి సాలవు సార్."

జోగారావు సల్ల మొత్తం తాగి గ్లాసు కింద పెట్టాడు. వానలు పడ్డాక చూద్దామని, కోళ్లు చస్తే మీకెంత తలనొప్పో నాకూ అంతేనని జనార్ధన్‌తో చెప్పి, సంపు సంగతి ఎత్తకుండానే లేచాడు.

స్కూటర్ దాకా సాగనంపి తిరిగొచ్చిన తండ్రిని చూసి శ్రీజ గోడకు అంటుకుపోయింది. దెబ్బలు తప్పవనుకుంది. ఆయన ఆమె పక్కనుంచే పోయి, కుండలో నీళ్లు ముంచుకుని గటగటా తాగాడు.

"నువ్వన్నా చెప్పినవ్ బిడ్డా. నాకు నోరు రాలే."

అంతే. లోపలి అర్రలోకి పోయి నడుం వాల్చాడు.

"పుట్టినకాడికెల్లి మూగదాని లెక్కుండె. తెరిసి తెరిసి నోరు తెరిస్తే, కంపెనీనే ఎల్లగొట్టింది" అంది అవ్వ. వంటింటి గడపలో సుశీల నవ్వాపుకుంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికే లోపలినుంచి గురక మొదలైంది. కోడిపిల్లల మాట వచ్చిన నాటినుంచి ఆయన కంటి మీద కునుకు లేదు. శ్రీజ గుండెల మీంచి బండ దిగినట్టయింది. తండ్రితో ఇంకేదో చెప్పాలనిపించి, ఏం చెప్పాలో తెలియకుండానే అర్ర గడప దాకా పోయింది. సుశీల అడ్డమొచ్చింది.

"పండుకోనియ్యే. మస్తు దినాలాయె" అని, శ్రీజ ముఖం మీదే తలుపు మెల్లగా మూసింది.