రోములో పంచె

ఆ పంచె స్లైడు ఎవరి కంటా పడకూడదని అచ్యుతరావుకి పొద్దుటినుంచీ ఒకటే బెంగ.

అమెరికాలో, నోవైలోని ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో నాలుగు కుటుంబాలు కార్పెట్ మీద సర్దుకుని కూర్చున్నాయి. ఆ వేసవి, అంటే 1983లో, ఇండియా నుంచి తిరిగొస్తూ భార్యాభర్తలిద్దరూ రోములో రెండ్రోజులు ఆగారు. ఆగుదామని ప్రాణం తీసింది వసుమతి. గొప్పలు చెప్పుకుంటున్నది మాత్రం ఈయన. ప్రొజెక్టర్ పక్కన నిలబడి, ఆ ఊరు తనే దగ్గరుండి కట్టించినట్టు ఒకటే వాయింపు. "ఎండలా అవి? హండ్రెడ్ అండ్ ఫోర్! రోడ్డు మీద తారు కరిగి బూట్లకి అంటుకుంది."

ఎదురుగా హరనాథ్ కూర్చున్నాడు. ఉగాది పాట్‌లక్ విందుకి పంచె కట్టుకొచ్చిన పాపానికి అచ్యుతరావు చేత పదిమందిలో చీవాట్లు తిన్న మనిషి. "అమెరికాలో ఈ పల్లెటూరి వేషాలేంటయ్యా" అని ఆ రోజు ఎంత మాటన్నాడు! అందుకే ఈయన పొద్దున్నే ఆ స్లైడు తీసి సొరుగులో పడేశాడు.

బటన్ నొక్కాడు. తెర నిండా పంచె!

వెనకనుంచి తీసిన ఫొటో. కింద బూట్లు, పైన బేస్‌బాల్ టోపీ, మధ్యలో ఎర్రంచు తెల్ల పంచె.

"ఓరి దేవుడో! ఎవరిది గురువుగారూ ఈ పంచె?" హరనాథ్ పొట్ట పట్టుకున్నాడు.

"పంచె కాదు, నా వెంకటగిరి చీర," అంది వసుమతి. "స్లైడు మళ్ళీ నేనే పెట్టాను. ఈయన షార్ట్స్ వేసుకొచ్చారు. మోకాళ్ళు కనబడితే చర్చి లోపలికి రానివ్వం అన్నాడు లైన్ దగ్గరి గార్డు. బ్యాగ్‌లో మార్చుకోడానికి పెట్టుకున్న చీర తీసిచ్చాను. కట్టుకోగానే ఎవరో స్వామీజీ అనుకున్నాడో ఏమో, లైన్‌తో పని లేకుండా పంపించేశాడు."

గది గొల్లుమంది. "స్వామీజీ అంకుల్!" అని పిల్లలు గంతులేశారు. అచ్యుతరావు ముందు సిగ్గుతో చచ్చాడు. పోయిన పరువు ఎలాగూ పోయింది కదా అని తర్వాత తనూ నవ్వేశాడు. హమ్మయ్య, గండం గడిచింది.

"ఆ పంచె పుణ్యమా అని మేం లోపలంతా చూశాం," అన్నాడు హుషారుగా. "ఏం మార్బులు! ఏం సీలింగు! రెండు కళ్ళూ చాలవు."

"మేం అంటే ఎవరెవరండీ?" అంది వసుమతి.

హరనాథ్ భార్య నళిని ఆశ్చర్యపోయింది. "అదేంటి, నువ్వు వెళ్ళలేదా?"

"నేను స్వామీజీని కాదుగా. గంటన్నర ఆ ఎండలో లైన్‌లో నిలబడ్డాను. ఫొటో అక్కణ్ణుంచే తీశా."

నెల్లాళ్ళుగా అచ్యుతరావు పంచె గురించి కుమిలాడే గానీ, ఈ సంగతి ఒక్కసారి కూడా బుర్రకి తట్టలేదు.

"సరిగ్గా గుమ్మం దాకా వచ్చాను," అంది వసుమతి, ఆయన వైపే చూస్తూ. "అప్పుడు ఈయన బయటికొచ్చి, 'లోపల చూడ్డానికేం లేదులే, పద, బస్సు వెళ్ళిపోతుంది' అన్నారు."