మొక్కుమేక

అరవై ఎనిమిదో సంవత్సరంలో, ఆమదాలవలసకు కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో దాలమ్మను చూసి నవ్వనివాళ్ళు లేరు. పొద్దున్నే మేకపోతు ముందు కూర్చుని, గిన్నెలో అంబలి పోసి, "తాగరా నాయనా, మేతకెల్లాల" అని బతిమాలేది. అది కొమ్ములతో గిన్నె తోసేస్తే "అలిగినావేటి?" అని గడ్డం పట్టుకునేది. పొరుగింటి మరిడమ్మ గోడమీంచి చూసి, "వదిన కొడుక్కి కొమ్ములొచ్చినాయి" అని వేళాకోళం చేసేది. మీరైనా నవ్వేవారే. ఆ గిన్నె ఎవరిదో తెలిస్తే మాత్రం నవ్వరు.

అది సూరయ్య గిన్నె. దాలమ్మ ఒక్కగానొక్క కొడుకు వాడు. భర్త పోయాక వాడే ఆమె లోకం. కిందటేడు మశూచి టీకాలవాళ్ళు వచ్చినప్పుడు, సూది పొడిస్తే ఊరి దేవత అసిరితల్లికి కోపం వస్తుందని ఆడవాళ్ళంతా పిల్లల్ని దాచేశారు. దాలమ్మ తన కొడుకును ఖాళీగా ఉన్న ధాన్యపు గాదెలో దింపి పైన చాప కప్పింది. "కిక్కురుమనకు నాన్నా" అంది. వాడు బుద్ధిమంతుడు, కిక్కురుమనలేదు.

ఆ వేసవిలోనే వాడికి అమ్మవారు పోసింది. దాలమ్మ ఒక మేకపిల్లను తెచ్చి, పసుపు రాసి, చెవి కొంచెం కోసి గుర్తుపెట్టి, "బిడ్డను బతికించు తల్లీ, నీ పండక్కి దీన్ని బలిస్తాను" అని మొక్కుకుంది. బిడ్డ దక్కలేదు. మేకపిల్ల మిగిలింది.

ఆ తర్వాత ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదు. తల్లి ఆగ్రహించిన ఇల్లని భయం. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న ప్రాణి ఆ మేకపిల్ల ఒక్కటే. దానిమీద చెయ్యి వేసుకుంటే గానీ ఆమెకు కన్ను మూతపడేది కాదు. జనం పిచ్చిదన్నారు. నిజానికి ఆ మేకే లేకపోతే ఆమెకు పిచ్చి ఎక్కేది.

పండగ దగ్గర పడింది. ఊరిపెద్ద నారాయణమూర్తి నాయుడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"దాలమ్మా, తల్లి మేకని తల్లికిచ్చీయాల."

"బిడ్డ బతికితే ఇస్తానన్నాను నాయుడుబావూ. బతకనేదు గదా! తల్లి నాకేటిచ్చినాది?"

"పక్కూర్లో మళ్ళీ అమ్మవారు పోసినాదంట. నీ మేక మూలాన మన పిల్లల మీదకొస్తే?"

ఆమె మేక మెడను వాటేసుకుని ఏడ్చింది. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు టీకాలవాళ్ళు మళ్ళీ వచ్చి బడి అరుగుమీద కూర్చున్నారు. ఊళ్ళో తలుపులన్నీ మూసుకున్నాయి. దాలమ్మ గోడమీంచి చూసేసరికి మరిడమ్మ తన కూతురు చిన్నతల్లిని గాదెలో దింపుతోంది. "కిక్కురుమనకు అమ్మా" అంటోంది.

దాలమ్మ పరుగున వెళ్ళి ఆమె చేతిలోని చాప లాగేసింది.

"ఒలే మరిడీ, నాను సేసిందే సేస్తన్నావు! నా కొడుకుని ఇలాగే దాసినాను. కిక్కురుమనొద్దంటే కిక్కురుమననేదు. ఇప్పుడెంత పిలిసినా పలకడు!"

"బయమేస్తన్నాది వదినా," మరిడమ్మ ఏడ్చింది. "నువ్వు మేకనియ్యవు. తల్లి కోపం మీదున్నాది. దానిమీద సూది కూడానా?"

దాలమ్మ చేతిలోని చాప కింద పెట్టింది. ఇంటికి వెళ్ళి, సూరయ్య గిన్నెలో మేకకు అంబలి పోసింది. తాగేదాకా ఉండి, దాని మూతి కొంగుతో తుడిచి, తాడు పట్టుకుని నడిచింది. అసిరితల్లి గుడి ముందు, తలుపులు తీసుకుని వెంట వచ్చిన ఊరంతా చూస్తుండగా ఆ తాడు నాయుడి చేతిలో పెట్టింది.

"మొక్కు తీరిపోనాది. ఇంక తల్లికి కోపం నేదు. పిల్లల్ని బయిటికి తియ్యండి. ఒక్క బిడ్డ గాదెలో ఉన్నా, నా మేకని నాకిచ్చీయాల."

తల్లులు ఇళ్ళకు పరుగెత్తి గాదెల మీది చాపలు తీశారు. పొద్దు వాలేలోగా పిల్లలందరికీ టీకాలు పడ్డాయి. గుడి దగ్గర డప్పులు మోగుతుంటే, సూది నొప్పికి చిన్నతల్లి గుక్కపట్టి ఏడ్చింది. దాలమ్మ ఆ పిల్లను గుండెలకు హత్తుకుని, "ఏడవ్వే తల్లీ, గట్టిగా ఏడు" అంటూ తానూ ఏడ్చింది.

దీపాలు పెట్టాక మరిడమ్మ కూతురిని చంకనేసుకుని దాలమ్మ గుమ్మం తొక్కింది. గాదె మీద కప్పబోయిన చాపనే తెచ్చి ఆమె పక్కన పరుచుకుంది. ఏడాదిగా ఆ ఊరు చేయవలసిన పని అదే.

చదివే తల్లులారా, తండ్రులారా! దాలమ్మకు కొడుకు దక్కలేదు, మేకా దక్కలేదు. మీ బిడ్డను గాదెలో దాచకండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని మేకకు వదిలెయ్యకండి.