నీళ్ళు వదిలే మనిషి

ఐదుంబావుకి పెదబాబు ఫరంపేట పడవల వీధి మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, గుంటలోకి దించిన ఇనుప తాళంచెవి పిడిని కుడిచెవి వెనక ఎముకకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తాళంచెవి అంటే నాలుగడుగుల కమ్మీ. కింది కొస వాల్వు తలని పట్టుకుంటుంది, పైన అడ్డంగా పిడి ఉంటుంది. అందరికీ అది తిప్పే వస్తువు. పెదబాబుకి వినే వస్తువు కూడా. ఇరవై ఏడేళ్ళుగా ఆనించీ ఆనించీ చెవి వెనక చింతగింజంత కాయ కట్టి నల్లబడింది.

వాల్వు రెండు చుట్లే తిప్పాడు. నీళ్ళు సరిగ్గా నడుస్తుంటే కొత్త చీర మడత విప్పుతున్న చప్పుడొస్తుంది. ఎక్కడైనా కారుతుంటే కాలిన పెనం మీద చుక్క పడ్డట్టుంటుంది. ఇవాళ ఆ రెండూ కాదు. గొంతులో తెమడ అడ్డుపడ్డ ముసలివాడి ఊపిరిలా గురగురమంటోంది. వీధి మధ్యన మురుగుకాలువ మీద తూము ఉంది. చప్పుడు అక్కడి నుంచే వస్తోంది. నిన్న మధ్యాహ్నం ఆ కాలువలో పూడిక తీసే మిషను తిరిగింది.

లేచి మొదటి ఇంటి కుళాయి తిప్పి దోసిలి పట్టాడు. మొదటి దోసిట్లో మురుగు వాసన. రెండో దాంట్లో లీలగా ఉంది. మూడో దాంట్లో ఏమీ లేదు. నీళ్ళు తేటగా, అరచేతి గీతలు కనిపించేటంత తేటగా ఉన్నాయి.

ఆ తేటదనాన్ని అతను ఇంతకుముందు ఒకసారి చూశాడు.

పదకొండేళ్ళ కింద వరద తీసిన వారానికి ఇదే వీధిలో ఇదే వాసన. అప్పటి సూపర్‌వైజరుకి చెప్పాడు. "నాలుగు బిందెలు పోతే అదే పోతుంది, వదిలెయ్" అన్నాడాయన. పెదబాబు వదిలేశాడు. వీధిలో తొమ్మిదిమందికి వాంతులు, విరేచనాలు. ఎనిమిదిమంది తేరుకున్నారు. సత్యవతమ్మ పెద్దకొడుకు కూతురు సాయిదివ్య, నాలుగేళ్ళ పిల్ల, కాకినాడ తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. వాసన ముందే తెలుసా అని ఎవరూ అతన్ని అడగలేదు. అతను ఒక్క భార్యకే చెప్పుకున్నాడు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

తాళంచెవిని బిగించి రెండు చుట్లూ వెనక్కి తిప్పేశాడు. వీధిలో నలభై మూడు ఇళ్ళు. ఇవాళ ఈ నీళ్ళు ఒక్క గొంతులోకీ దిగకూడదు.

ఐదూ నలభైకి సూపర్‌వైజరు దుర్గాప్రసాద్‌కి ఫోన్ చేశాడు. ముప్పై దాటని కుర్రాడు, నిద్రగొంతుతో మాట్లాడాడు.

"వాసన పోయిందన్నావుగా బాబాయ్. ఇంకేంటి?"

"పైకి పోయిందండి. తూము కింద పైపు పగిలిందండి. లైను ఖాళీ అయినప్పుడల్లా మురుగు లోపలికొస్తది."

"నేను పదింటికొచ్చి చూస్తాను. అందాకా వదిలెయ్. సత్యవతమ్మగారింట్లో ఫంక్షను, రాత్రే రెండుసార్లు ఫోన్ చేసిందావిడ, నీళ్ళు గంట ఎక్కువ కావాలని."

"నేను వదల్నండి."

ఫోన్ కట్టేసి జేబులో వేసుకున్నాడు. ఇరవై ఏడేళ్ళలో పెదబాబు నోట ఆ మాట ఎవరూ వినలేదు. అతను కాంట్రాక్టు మనిషి. ఏటా మార్చిలో ఒకసారి పేరు ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి. కారే కుళాయి కనిపిస్తే పాత చెప్పు రబ్బరు గుండ్రంగా కోసి వాషరు వేసి పోయేవాడు. వీధి చివర కాలు ఈడ్చుకుంటూ నడిచే ఆవిడ బిందె నిండిందో లేదో చూశాకే వాల్వు కట్టేవాడు. అంతకుమించి అతని గురించి ఫరంపేటలో చెప్పుకునేదేమీ లేదు.

ఆరయ్యేసరికి బిందెలు వరసకట్టాయి. కుళాయిలు తిప్పిన చోట గాలి ఊదుతోంది.

"ఏం పెదబాబూ, నిద్రపోయేవా?" అంది సత్యవతమ్మ వచ్చి. అరవై దాటిన మనిషి, తలంటుకుని, జుట్టు తువ్వాల్లో చుట్టుకుని ఉంది. "మా అమ్మాయి వీణకి సీమంతం ఇయ్యాల. యాభై మంది బోజనాలు. నీళ్ళొదులు."

"లైను పాడైందక్కా. బాగయ్యేదాకా ఎవరూ తాక్కూడదు. తాగడానికి టిన్నులు తెప్పించుకోండి."

"తాగడానికి తెప్పించాం. బియ్యం కడగాలా, గిన్నెలు కడగాలా? మజ్జిగలో ఏం పొయ్యాలి, గోదావరి మోసుకురావాలా?"

"పక్కీధిలో పట్టుకోండి. ఆ లైను మంచిదే. నేను మోసిపెడతాను."

"నువ్వు మోస్తావా? నడుమొంగి నాలుగేళ్ళయింది, నువ్వు మోస్తావా?" వెనక నలుగురు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "పొద్దున్నే శుభమా అని పని పెట్టుకుంటే కుళాయిలో గాలొదిలేవు. నీకు మాటల్తో కాదు, దుర్గాప్రసాద్‌తో సెప్పిస్తాను."

ఆవిడ అక్కడే నిలబడి ఫోన్ చేసింది. పెదబాబు జేబులో ఫోను రెండుసార్లు మోగింది. తియ్యలేదు. రెండో తాళంచెవి ఆఫీసులో ఉంది. దుర్గాప్రసాద్ దాన్ని తెచ్చి అర నిమిషంలో తిప్పేయగలడు. పెదబాబు గుంట మీద ఇనుప మూత వేసి దాని మీద కూర్చున్నాడు. అతని ఒంట్లో బలం లేదు గానీ బరువు ఉంది. ఎవరైనా వాల్వు తిప్పాలంటే ముందు అతన్ని లేపాలి.

వీధి నడుమ ఇంట్లో ఉండే లిదియా టీచరు బడికి వెళ్తూ ఆగింది. జరిగింది విని అడిగింది.

"ఎవరికైనా చెప్పారా ఇళ్ళల్లో?"

"వచ్చినోళ్ళకి సెప్పేనండి. రానోళ్ళకి ఎలా సెప్పను, ఇక్కడ్నించి లేస్తే..."

"మీరు లేవకండి." ఆవిడ బడికి ఫోన్ చేసి మధ్యాహ్నం వస్తానని చెప్పింది. భుజాన సంచీ వేసుకుని ఇంటింటికీ వెళ్ళింది. ఏ ఇంట్లో ఎవరు ఉంటారో, ఎవరికి గట్టిగా చెప్పాలో, ఎవరికి మెల్లగా చెప్పాలో ఆవిడకి తెలుసు. కొందరు సరేనన్నారు. కొందరు తలుపులోంచే, "పెదబాబుకి పెద్దరికం వచ్చిందే" అన్నారు. ఒకాయన స్కూటరు మీద పోతూ ఆగి, "ధర్నాకి జెండా ఏదయ్యా?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. ఎండ ఇనుములోకి దిగింది. మూత కాలడం మొదలుపెట్టింది. ఇటు తొడ కాలితే అటు జరిగాడు, అటు కాలితే ఇటు. ఎవరో ఏమీ మాట్లాడకుండా తడి గోనెసంచి తెచ్చి పక్కన పడేసి వెళ్ళారు. పరుచుకుని దాని మీద కూర్చున్నాడు. ఎవరో చూద్దామని తల తిప్పేసరికి తలుపు మూసుకుంది.

తొమ్మిదిన్నరకి అతని కింద మూత సన్నగా జుమ్మంది.

మొదట తన గుండే అనుకున్నాడు. తాళంచెవి కింది కొసని మూతకి ఆనించి, పిడిని చెవికి చేర్చాడు. మోటారు. లైనుకి తగిలించిన మోటారు ఎక్కడో తిరుగుతోంది. వాల్వు కట్టేసిన ఖాళీ పైపులోంచి అది పీలుస్తోంది. పైపులో మిగిలిన కాసిని నీళ్ళు అయిపోయాక, పగులు దగ్గర ఉన్నది ఒక్క మురుగే. తను మూసి కూర్చున్నాడు కాబట్టి ఆ మోటారుకి అందేది అదొక్కటే. ఇంత ఎరిగినవాడు ఈ ఒక్కటి మర్చిపోయాడు. వాల్వు కట్టగానే ఈ వీధి మోటారు వేస్తుంది. వేసవి వచ్చిన ప్రతిసారీ వేస్తూనే ఉంది.

లేవాలి. లేస్తే మూత ఖాళీ అవుతుంది. దుర్గాప్రసాద్ వచ్చే వేళ అయింది.

చివరి ఇళ్ళు ముగించుకుని టీచరు తిరిగొస్తోంది. పెదబాబు చెయ్యెత్తి పిలిచాడు.

"టీచర్‌గారండి, మీరొక్క ఐదు నిమిషాలు దీని మీద కూర్చోవాలండి. ఏమీ అనుకోకండి."

ఆవిడ అతని మొహం చూసింది. ఎందుకని అడగలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బడిలో కుర్చీలో కూర్చున్నట్టే తడి గోనె మీద కూర్చుంది.

అతను పరిగెత్తలేదు. అతని నడుము పరిగెత్తనివ్వదు. చప్పుడు ఎక్కడికి లాగుతోందో అటే నడిచాడు. అది సత్యవతమ్మ ఇంటి ముందు షామియానాలో ఆగింది. నీలం డ్రమ్ములోకి గొట్టం పడి ఉంది. డ్రమ్ము ముప్పాతిక నిండింది. పైకి తేటగానే ఉంది. వంటాయన గంగాళంలో పెరుగు చిలికి డ్రమ్ములోంచి చెంబులతో నీళ్ళు కలుపుతున్నాడు. కుర్చీలో వీణ, ఏడో నెల కడుపుతో, చేతులు ముందుకు చాపి కూర్చుంది. ఎవరో గాజులు తొడుగుతున్నారు. దాహమవుతోందేమో, ఆమె ముందు స్టూలు మీద గ్లాసు పెట్టుకుంది.

"ఆ నీళ్ళు ముట్టుకోవద్దమ్మా," అన్నాడు పెదబాబు.

సత్యవతమ్మ వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. "ఇంట్లోకొచ్చేసేవా? నువ్వొదల్లేదు. మేం తోడుకున్నాం. మా మోటారు, మా కరెంటు. ఇంక నీకేంటంట?"

"అక్కా, అది మురుగు."

"కళ్ళు కనపడతన్నాయా నీకు? అద్దంలా ఉన్నాయి నీళ్ళు."

"ఆ రోజు కూడా ఇలాగే ఉన్నాయక్కా."

"ఏ రోజు?"

గాజులు తొడిగే చెయ్యి ఆగింది. పెదబాబు షామియానా గుంజ పట్టుకున్నాడు. ఈ మాట అతను పదకొండేళ్ళు గొంతులో పెట్టుకుని రోజూ ఈ గుమ్మం ముందు నుంచే నడిచాడు.

"సాయిదివ్య పోయినప్పుడు. ముందర వాసనొచ్చింది, తర్వాత పోయింది. నాకు తెలుసు. వదిలెయ్యమన్నారు, వదిలేసేను. నేనే తిప్పేనక్కా, ఈ చేత్తోనే."

మోటారు ఒక్కటే మోగుతోంది. సత్యవతమ్మ అతని వైపు ఒక అడుగు వేసింది. మామూలు గొంతుతో, ఏదో ధర అడిగినట్టు అడిగింది.

"నీకు తెలుసా?"

"వాసన తెలుసక్కా."

ఆవిడ వెళ్ళి గోడ దగ్గర ప్లగ్గు పీకింది. రెండు చేతులతో డ్రమ్ము అంచు పట్టి వంచింది. అది ఒరగలేదు. మళ్ళీ వంచింది. వీణ లేవబోతే, "కూకో" అంది వెనక్కి చూడకుండా. పెదబాబు ముందుకొచ్చి చెయ్యి వెయ్యబోయాడు. ఆవిడ ఆ చేతిని తోసేసింది. మూడోసారికి డ్రమ్ము పడింది. నీళ్ళు ముగ్గు మీదుగా వీధిలోకి పోయాయి. అడుగున మిగిలిన జానెడు నల్లగా, చిక్కగా వచ్చింది. అప్పుడు లేచింది వాసన.

"మజ్జిగలో కలిపేసేనండి మరి," అన్నాడు వంటాయన.

ఆవిడ గంగాళం కూడా ఒలకబోసింది. వీణ ముందున్న గ్లాసు తీసి, నిండుగానే ఉందని చూసి, దాన్నీ పారబోసింది. "అవతల్నించి ఆటోలో ఇంకో ముప్పై టిన్నులు తెప్పించండి," అని లోపలికి వెళ్ళిపోయింది. పెదబాబు వైపు చూడలేదు.

అతను తిరిగొచ్చేసరికి దుర్గాప్రసాద్ రెండో తాళంచెవి పట్టుకుని మూత ముందు నిలబడి ఉన్నాడు.

"టీచర్‌గారూ, కొంచెం లేవండి. గవర్నమెంటు పనండి ఇది."

"ఏరా ప్రసాదూ, ఏడో తరగతిలో కలరా ఎలా వస్తుందని అడిగితే బల్ల ఎక్కి నిలబడ్డావు, గుర్తుందా?"

"గుర్తుందండి."

"ఇప్పుడైనా చెప్పు, లేస్తాను."

దుర్గాప్రసాద్ ఆవిడనీ, పెదబాబునీ, వీధిలో పారుతున్న నల్లటి నీటినీ చూశాడు. వంగి ఆ నీటిలో వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తాళంచెవి గోడకి ఆనించి, తూము తవ్వడానికి మనుషుల కోసం ఫోన్ చేశాడు.

మిషను పన్ను దిగి పైపు జానెడు పొడవున చీలింది. పన్నెండింటికి చీలిక బయటపడింది, నాలుగింటికి అతుకు పడింది. గంటసేపు అన్ని కుళాయిలూ తిప్పి నీళ్ళు కాలవలోకి వదిలారు. ప్రతి కుళాయి దగ్గరా పెదబాబు దోసిలి పట్టి వాసన చూశాడు. నలభై మూడు ఇళ్ళూ చూశాడు. సత్యవతమ్మ ఇంటి కుళాయి దగ్గర రెండుసార్లు చూశాడు. ఆ ఇంటి తలుపు వేసి ఉంది. లోపల ఆలస్యంగా భోజనాలు సాగుతున్నాయి.

దుర్గాప్రసాద్‌కి ఫోను వచ్చింది. దూరంగా వెళ్ళి మాట్లాడాడు. ఎక్కువగా విన్నాడు. తిరిగొచ్చాక కాసేపు బూట్ల మట్టి రాల్చుకున్నాడు.

"పైకి చాలా కంప్లయింట్లు వెళ్ళాయి బాబాయ్. చెప్పినా వినలేదని, ఫోన్ ఎత్తలేదని, ప్రజల్ని... నేను చెప్పాను, పైపు నిజంగానే పగిలిందని. అది వేరు, ఇది వేరు అంటున్నారు."

"రేపట్నించి రావొద్దన్నారా?"

"నీళ్ళొదలమంటే ఉద్యోగానికే నీళ్ళొదులుకున్నావు గదా బాబాయ్." నవ్వించాలనుకున్నాడు. మళ్ళీ బూట్ల మట్టి రాల్చుకోసాగాడు.

"ఒక్కసారి ఇననివ్వండి," అన్నాడు పెదబాబు.

మూత తీసి, వాల్వు పూర్తిగా తిప్పి, మోకాళ్ళ మీద కూర్చుని పిడికి చెవి ఆనించాడు. చాలాసేపు ఉన్నాడు. మడత విప్పుతున్న చీర, వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా. లేచి తాళంచెవిని లుంగీతో తుడిచి దుర్గాప్రసాద్ చేతిలో పెట్టాడు. మూత సర్దాడు. టీచరు ఇంటి వైపు చూసి, ఆవిడ ఇంకా బడి నుంచి రాలేదని గుర్తొచ్చి, సైకిలు స్టాండు తీశాడు. తన ఇల్లున్న అడివిపొలం వైపు మలుపు తిరిగేదాకా తొక్కలేదు, నడిపించుకునే పోయాడు.

పావుగంట తర్వాత సత్యవతమ్మ వీధి మొదటికి వచ్చింది. పొద్దున తలంటుకున్న జుట్టు ఇంకా ముడి వేసుకోలేదు. కుడిచేతిలో ఏదో పట్టుకుని, తొణక్కుండా చిన్న అడుగులేస్తూ నడిచింది. గుంట దగ్గర ఎవరూ లేరు. రెండు వైపులా చూసింది. ఎవరినీ అడగలేదు. వంగి, చేతిలోది మూత మీద పెట్టి, అది నిలబడిందని చూసుకుని వెళ్ళిపోయింది.

అది పిల్లలు తాగే చిన్న స్టీలు గ్లాసు. పుట్టినరోజుకి ఎవరో చుక్కలతో చెక్కించిన పేరు, చి. సాయిదివ్య, అరగకుండా అలాగే ఉంది. అంచుదాకా పోసిన కుళాయి నీళ్ళు, కింద పైపులో పారుతున్న నీటి అదురుకి సన్నగా కదులుతున్నాయి.