ముల్లు చూపించని నాలుగు నిమిషాలు

బోర్డు మీద అరవై అంకె చూడగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆనకట్ట గేటు అడుగున పేరుకున్న చెత్త తీయడానికి నీళ్ళలోకి దిగేది ఆమె సొంత అన్న. అతని వీపున కట్టే సిలిండర్లో గాలి నింపేది ఆమె. అరవై నిమిషాలని రాసింది మాత్రం, జన్మలో మోకాలి లోతు నీళ్ళయినా ఎరగని ఇంజినీరు.

అడుగున అంతా బురద. కళ్ళకు ఆనించుకున్నా గాలి ఒత్తిడి చూపే గేజి కనపడదు. పైవాళ్ళు బోర్డు మీది లెక్క ప్రకారం గడియారం చూసి తాడు లాగితేనే మనిషి తిరిగొస్తాడు.

“పాత సిలిండరు రెండు వందల ఒత్తిడికి నలభై నిమిషాలు వచ్చేది,” అన్నాడు ఇంజినీరు, చిన్నపిల్లకు ఎక్కం నేర్పినట్టు. “అదే సైజుది, కొత్తది మూడు వందలు పడుతుంది. అంటే ఒకటిన్నర రెట్లు. ఇందులో గొడవేముంది?”

“ఒకటిన్నర రెట్లు రాదు సార్! గాలి రేణువులకీ ఒళ్ళుంటుంది. అంతలా కుక్కితే చోటు చాలక మొండికేస్తాయి. కొంచెం గాలి పోసినా గేజి ముల్లు ఎగిరి కూచుంటుంది. అది చూపించేది ఒత్తిడి, లోపలి సరుకు కాదు.”

“గేజికంటే నీకెక్కువ తెలుసా?”

నింపిన ప్రతి సిలిండరునూ తూచడం ఆమె అలవాటు. దానికి అందరూ నవ్వుతారు. నింపాక చల్లారిన కొత్త సిలిండరును ఈడ్చుకొచ్చి కాటా మీద దబ్బున పడేసింది. సిలిండరు మెడ మీద చెక్కిన ఖాళీ బరువును కాటా చూపిన అంకెలోంచి తీసేసింది. పాతదాంట్లో గాలి రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు ఉండేది. ఇంజినీరు లెక్కన ఇందులో నాలుగు కిలోల రెండు వందలు ఉండాలి. ఉన్నది మూడు కిలోల తొమ్మిది వందలు.

“దీంతో యాభై ఆరు నిమిషాలు కూడా నిండవు,” అంది.

“పోనీలేవే,” అన్నాడు రబ్బరు సూటు వేసుకుని నిలబడ్డ అన్న. “ఒక్క దిగుడులో పనైపోతుంది.”

“నువ్వు నోర్ముయ్!” అని అరిచింది. ఇంజినీరుమీదకంటే అన్నమీదే ఎక్కువ కోపం వచ్చింది. చచ్చేవాడికి లేని బాధ తనకేనా?

ఇంజినీరు చేతులు దులుపుకున్నాడు. “నాలుగు నిమిషాలేగా, తల్లీ.”

ఆమె గడియారం తీసి అతని ముఖం ముందు పెట్టింది. “నాలుగు నిమిషాలేగా. ముక్కూ నోరూ మూసుకోండి.”

అతను నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ నవ్వలేదు. పౌరుషానికి పోయి ముక్కు పట్టుకున్నాడు. ముప్ఫయ్యో సెకనుకు మెడ నరాలు తేలాయి. నలభై ఎనిమిదికి నోరు తెరిచి, వంగి, రొప్పసాగాడు.

“అప్పుడేనా సార్? ఇంకా మూడు నిమిషాల పన్నెండు సెకన్లున్నాయి,” అంది ఆమె. “మా అన్న ఇంకా అడుగునే ఉన్నాడు.”

అన్న ఆ రొప్పుతున్న మనిషినే చూస్తున్నాడు. నీళ్ళలో మునగడానికి నడుముకు కట్టుకున్న సీసపు బరువులు ఒక్కొక్కటే విప్పి నేల మీద పెట్టాడు.

“చెల్లి ఎన్ని నిమిషాలంటే అన్నే,” అన్నాడు.