పదకొండు సున్నాలు

నాలుగింటికల్లా లిస్టు పైకి వెళ్లాలి. నూట నలభై రెండు ప్రభుత్వ బడులు, ఒక్కో బడికి ఒక సగటు మార్కు. అట్టడుగున మిగిలిన బడిని ఈ ఏడాదితో మూసేస్తారు. ఆ అడుగున ఉన్నది అక్క బడి. అక్క అక్కడ హెడ్‌మిస్ట్రెస్. చెల్లెలు విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా, లిస్టు తయారుచేసేది ఈవిడే. తలరాత ఇలాంటి వేళాకోళాలు ఆడుతూనే ఉంటుంది.

పెద్ద బంగళాల పక్కనున్న బడినీ, నాలుగు భాషల పిల్లలు ఒకే బెంచీ మీద ఇరుక్కునే బడినీ ఒకే గాటన కట్టడమేమిటని ఆమె ఎన్నిసార్లు గొణుక్కుందో! గొణిగితే లెక్కలు మారతాయా? మూడున్నరకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. అక్క పంపిన కాగితాల్లో వరసగా పదకొండు సున్నాలు కనిపించాయి.

"సార్, తప్పు దొరికింది!" అంటూ అధికారి గదిలోకి పరిగెత్తింది.

పరీక్షకు రాని పిల్లల గడిలో గీత పెట్టాలి. గీత ఉన్నవాళ్లు సగటులోకి రారు. తొందరలో సున్నా పెట్టేసే బడులు ఏటా ఉంటాయి. ఇవి గీతలైతే అక్క బడి తొమ్మిది మెట్లు పైకెళ్తుంది. దాని బదులు అడుగుకి జారే బడి గురించి ఆమె ఆలోచించదలచుకోలేదు.

అధికారి బల్ల మీద మొదటి ర్యాంకు బడికి ఇవ్వాల్సిన షీల్డు తళతళలాడుతోంది. "మీ అక్కగారి బడి కాబట్టి మీ మాట ఒక్కటే చాలదమ్మా. ఫోన్ చేయండి. స్పీకర్ పెట్టండి."

రెండు రింగులకే అక్క ఎత్తింది.

"అక్కా, పక్కన సారున్నారు. ఆ పదకొండు మంది పరీక్షకి రాలేదు కదూ?"

"ఎందుకు రాలేదూ? అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు. పాపం, మన భాష ఇంకా పట్టుబడలేదు. పేరు రాసి కాగితం ఇచ్చేశారు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయిందక్కా, అని గొంతు దాకా వచ్చింది.

"సరిగ్గా గుర్తు తెచ్చుకో అక్కా."

"గుర్తు తెచ్చుకునేదేముందే? రెండు నెలల కిందట వాళ్లకి టీసీలు చేతిలో పెట్టి నా మీదకి తోలింది ఏటా షీల్డు కొట్టే ఆ బంగళాల పక్క బడివాళ్లే కదా!"

అధికారి చెయ్యి చాచి ఫోన్ కట్ చేశాడు. షీల్డు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు.

"రాలేదనే రాయండి. బడి మూస్తే ఈ టీసీల గొడవ పైకెళ్లి మనందరికీ చుట్టుకుంటుంది. మీ అక్కగారి బడీ నిలబడుతుంది. ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలో ఆమెకి తోచలేదు. అడగడానికి వచ్చింది ఇదే కదా. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అయినా కూర్చుని వరసగా పదకొండు గీతలు కొట్టింది. నాలుగింటికి లిస్టు వెళ్లిపోయింది.

ఐదింటికి అక్క ఫోన్ చేసింది. "మా బడి ఉంచారట, నిజమేనా?"

"నిజమేనక్కా."

"నా తల్లే! నేను నిజం చెప్పినా ఉంచారు, చూశావా! ఆ పిల్లలు వచ్చినట్టే రాశావు కదూ?"

"ఆ... వచ్చినట్టే రాశాను," అంది చెల్లెలు.