ఎనిమిది గంటల గోలీ

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు వింటూ నిద్రపోయి, ఆ చప్పుడు వింటూనే లేచిన దాన్ని నేను. అది ఆగితేనే నాకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. మా వీధిలో మందుల షాపు నాదే. పేరు ఫర్హీన్, నోరు కాస్త పెద్దదని వీధంతా చెబుతుంది.

ఎదురింటి రాజం కాక మగ్గం నడుపుతాడు. ఆ మంగళవారం కౌంటరు ముందు నిలబడి ఉన్నా మనిషి ఇంకెక్కడో ఉన్నాడు. నుదుటి మీద కుట్లు. ముందురోజు మగ్గం దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయాడు.

"ఎట్ల వస్తది కాకా అది?" అన్నాను.

"ముందుగాల సప్పుడు దూరం పోతది బిడ్డా. గంత పెద్ద సప్పుడు వాగు అవుతల ఇనవడ్డట్టు అయితది. దారాలన్ని నీళ్లయితయి. నేను ఒడ్డుమీద నిలవడ్డట్టు ఉంటది. మంచిగనే ఉంటది, అబద్ధమెందుకు? లేసేసరికి నోట్ల నెత్తురు."

వింటుంటే నా కౌంటరు అద్దం కిందా నీళ్లు కదిలినట్టే అనిపించింది.

ఇది రెండోసారి. మూడోసారి పడితే షెడ్డులోకి రానివ్వనని మగ్గాల యజమాని చెప్పేశాడట. ముప్పై ఏళ్లుగా ఇంకో పని ఎరగని మనిషి. డాక్టరేమో మోతాదు పెంచుదామంటున్నారు.

"గోలీలు తప్పుతున్నవా?"

"ఒక్కటి తప్పలే. నువ్వు రాసినట్టే ఏస్కుంటున్న." రోషంగా సంచిలోంచి పాత స్ట్రిప్పులు తీసి పరిచాడు. లెక్కపెడితే నెలకు రెండు చొప్పున మిగిలాయి.

నాకు ఒళ్లు మండింది. "నాతోని గూడ గిట్లనేనా కాకా? నీ తలకాయ నీది గాదా?"

"ఒట్టు బిడ్డా" అన్నాడు మెల్లగా. ఆ ముఖంలో అబద్ధం లేదు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆదివారం నుంచి ఒక్కో పూట చెప్పమన్నాను.

ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. రాత్రి వారం ముగిసిన ఆదివారం పొద్దున ఎనిమిదికి దిగి, ఇంటికొచ్చి తిని, రాత్రి గోలీ వేసుకుని పడుకుంటాడట.

"పొద్దుగాల రాత్రి గోలీ ఏంది?"

"నేను పండేది గప్పుడే గదా. నాకు గదే రాత్రి."

వారమంతా అలాగే నడిచిపోతుంది. పడుకునే ముందు ఒకటి, సాయంత్రం లేచాక ఒకటి. కానీ ఆదివారం పని లేదు. వారం రోజుల నిద్ర మీద పడి, సోమవారం తెల్లవారాక గానీ లేవడు. లేచి ఉదయం గోలీ వేసుకుంటాడు. మధ్యలో దాదాపు ఒక రోజంతా ఒంట్లోకి మందు పోలేదు. రెండుసార్లూ పడింది సోమవారమే.

స్ట్రిప్పు వెనక నల్ల మార్కరుతో 'ఉదయం, రాత్రి' అని రాసింది నేనే. ఈ ఊళ్లో సగం మందికి షిఫ్టును బట్టి తెల్లవారుతుందని పుట్టినప్పటి నుంచీ తెలిసి కూడా రాశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

డాక్టరుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. మోతాదు అలాగే ఉంచి, ముందు వేళ కుదర్చమన్నారు.

"కాకా, పొద్దూ మాపూ మర్సిపో. ఎనిమిదికి కొమురయ్య కాక నీకు మగ్గం ఇస్తడు, లేకపోతె నువ్వు ఆయనకిస్తవు. గప్పుడే గోలీ."

కొమురయ్య అతని జోడీ. ఒకరు దిగితే ఒకరెక్కుతారు. మర్నాటి నుంచి ఆయనే నీళ్ల సీసాతో నిలబడ్డాడు. "మింగినంక నోరు తెరువుమంటుండు, పసిపిల్లగాన్ని సూసినట్టు" అని రాజం కాక నాతో మొరపెట్టుకున్నాడు, నవ్వాపుకుంటూ.

మిగిలింది ఆ ఒక్క ఆదివారం సాయంత్రం. కాక ఫోన్‌లో అలారం పెడితే ఆయన కూతురు స్వప్న పెదవి విరిచింది. "గా టింగుటింగుకు నాయిన లేస్తడా అక్కా? నేను రేపు జగిత్యాల హాస్టలుకు పోతున్న, లేపేటందుకు ఇంట్ల ఎవ్వరుండరు. కరెంటొచ్చి మగ్గం షురువైతె మాత్రం ఎంత నిద్రలున్న గభాల్న లేస్తడు."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ పూటే ఫోన్‌లో మగ్గం చప్పుడు పట్టుకురావడానికి షెడ్డుకు వెళ్లింది.

ఆ ఆదివారం రానే వచ్చింది. సాయంత్రం ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. వీధి దీపాల కింద మనుషులు నీళ్లలో నడుస్తున్నట్టు కనిపించారు. షాపు గడపలో నిలబడి ఎదురింటి తలుపునే చూస్తున్నాను. భయంగా ఉంది. ఏడూ యాభై ఐదు. ఏడూ యాభై తొమ్మిది.

ఆ నిశ్శబ్దంలో ఒక్క మగ్గం మొదలైంది, దడదడమంటూ.

"ఆదివారం నాడు ఎవడ్రా నడిపేది?" అంటూ పక్కింటి మైసయ్య బయటికొచ్చాడు. ఇంకో నలుగురొచ్చారు. మగ్గం ఆగింది. కాసేపటికి తలుపు తీసుకుని, చెదిరిన జుట్టుతో రాజం కాక గడపలోకి వచ్చాడు. వీధికి ఇవతల ఉన్న నన్ను చూసి, నోరు ఇంత పెద్దది చేసి తెరిచి చూపించాడు.

సోమవారం రాత్రి ఎనిమిదికి పగటి షిఫ్టు దిగి వస్తూ షాపు ముందు ఆగాడు.

"ఇయ్యాల్ల సప్పుడు యాడికీ పోలే బిడ్డా. దినమంత నా పక్కపొంటనే ఉండె."