కిరణాల చేతులు

అమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే పాప నానమ్మ చంకలోంచి ఆమె మీదికి దూకబోయింది. అత్తగారు గబుక్కున వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకు! ముందు స్నానం చెయ్యి. ఒళ్లంతా ఆ ఎక్స్‌రే కిరణాలే." ఆ నోటితోనే, "నీళ్లు కాగేలోపు కూరలు తరిగి, కరెంటు కుక్కర్లో బియ్యం పడెయ్యి," అంది.

రోజూ ఉన్న తంతే. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే కోడలు ఒంటికి కిరణాలు పూసుకొస్తుందని అత్తగారి నమ్మకం. వంటా స్నానమూ అయ్యేసరికి పాప నిద్రపోయేది. మెలకువగా ఉన్న కూతుర్ని ఎత్తుకుని ఎన్నాళ్లయిందో! ఎక్స్‌రే గొట్టంలో సన్నటి తీగ ఎర్రగా కాలుతుంది, దాన్లోంచి ఎలక్ట్రాన్లు ఊడిపడతాయి, వేల వోల్టులు వాటిని లాక్కెళ్లి టంగ్‌స్టన్ బిళ్లకేసి బాదుతాయి, అక్కడ బ్రేకు పడితే కిరణం పుడుతుంది, స్విచ్ వదిలితే ఇంకేం ఉండదు, దీపం ఆర్పాక గదిలో వెలుగు మిగులుతుందా అత్తయ్యా అని నోరు నొప్పెట్టేలా చెప్పింది. అత్తగారు తలూపేది, పాపను మాత్రం ఇచ్చేది కాదు. మొగుడుగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా, "బటన్ నొక్కే ఉద్యోగానికి ఇంత ఉపన్యాసమా?" అనేవాడు.

బటనట! తుంటి విరిగి మూలుగుతున్న మనిషిని నొప్పి తెలియకుండా బల్ల మీద పక్కకి తిప్పేది ఎవరు? ఆ గొట్టంలో జరిగే అంత బాదుడులోనూ నూటికి తొంభైతొమ్మిది వంతులు ఉత్త వేడిగా పోతుంది, కిరణమయ్యేది ఒక్క వంతు. తన చాకిరీ కూడా అలాగే పోతోందనిపించేది ఆమెకి. ఇవాళ వరసపెట్టి ఎక్స్‌రేలు తీసేసరికి గొట్టం వేడెక్కి, చల్లారేదాకా ఆగమని తెర మీద అక్షరాలు పడ్డాయి. అప్పటిదాకా "ఇంకెంతసేపమ్మా" అని ఆమె మీద ఎగిరిన ఎముకల డాక్టరు, అది చూసి నోరు మూసుకుని కూర్చున్నాడు. యంత్రానికున్నపాటి మర్యాద మనిషికి లేదు! ఆమెకి ఒళ్లు మండిపోయింది.

ఆ మంట ఇంకా చల్లారలేదు. వంటింటి వైపు నడవబోయి ఆగింది.

"అత్తయ్యా, మొన్న మీ మోకాలికి ఎక్స్‌రే తీశాను కదా. ఆ కిరణాలు మీ మోకాట్లోంచే దూరి వెళ్లాయి. ఇంటికొచ్చి పాపని ఆ మోకాలి మీదే ఊపారు. స్నానం చేశారా?"

అత్తగారు తన మోకాలి వైపు చూసుకుంది, పాప మీద పట్టు సడలింది. కోడలు చేతులు చాచింది. పాప ఒక్క గెంతులో వచ్చి పడి, మెడ దగ్గర చెమటలో మొహం దాచుకుంది. ఆమెకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"అయితే వంటో?" అన్నాడు మొగుడు, టీవీ గొంతు తగ్గించి.

"పిల్లకి పనికిరాని చేతులు అన్నానికెలా పనికొస్తాయండీ?" పాపను చంకనేసుకుని గదిలోకి నడుస్తూ అంది. "కుక్కర్‌కీ ఒక బటనేగా. నొక్కండి."